మేస్త్రి ఉండగా నేనేం చూడాలి?

ప్రశ్న: మాది ఇచ్ఛాపురం పక్కన పల్లె. మా ఆయన గల్ఫ్‌లో వెల్డింగ్ పని చేస్తారు. తిత్లీ తుఫానుకి రేకులు ఎగిరిపోయిన దగ్గర్నుంచి కూడబెట్టి ఇప్పటికి ఇల్లు మొదలెట్టాం, వచ్చే నెల స్లాబ్. ఫోన్ చేసినప్పుడల్లా సూపర్విజన్ నువ్వే చూసుకో అంటున్నారు. రోజంతా గొడుగేసుకుని అక్కడే ఉంటున్నా గానీ ఏం చూడాలో తెలీట్లేదు, అడిగితే మేస్త్రి "ఎన్ని ఇళ్ళు కట్టాం, మాకు తెలీదా అమ్మా" అంటాడు. అసలు సూపర్విజన్ అంటే ఏం చెయ్యాలండీ?
- ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, రోజంతా ఎండలో నిలబడక్కర్లేదు. తర్వాత కప్పడిపోయి కనబడనివి ఏవో అవి కప్పడకముందే చూడాలి, బాగోకపోతే పని ఆపమని చెప్పాలి, సూపర్విజన్ అంటే ఇంతే. గోడ వంకరగా వస్తే రేపైనా కనబడుతుంది, కానీ స్లాబ్‌లో రాడ్డు ఎక్కడుందో కాంక్రీట్ పోశాక దేవుడికి కూడా కనబడదు. అందుకే మీకు ముఖ్యమైన రోజు స్లాబ్ పోసే రోజు కాదు, దాని ముందు రోజు.

ఆ సాయంత్రం సెంట్రింగ్ (స్లాబ్ పోయడానికి కింద కట్టే రేకుల తట్టు) మీదకి ఎక్కి చూడండి. కింది రాడ్లు రేకుకి ఆనకుండా వాటి కింద కవర్ బ్లాకులు (రాడ్డుని ఎత్తి ఉంచే చిన్న సిమెంటు దిమ్మలు) ఉండాలి, మామూలుగా స్లాబ్‌కి కనీసం 20 మిల్లీమీటర్ల కవర్, అంటే రాడ్డు చుట్టూ కాంక్రీట్ మందం, అంటారు, మీది సముద్రం దగ్గర కాబట్టి ఉప్పుగాలికి ఇంకా ఎక్కువ కావాలి, ఎంతో ఇంజనీర్ చేత డ్రాయింగ్‌లోనే రాయించుకోండి. చాలామంది కంకర ముక్క పెట్టేసి సరిపెడతారు, అది జారిపోతుంది, ఒప్పుకోవద్దు. ఇంకోటి, నాకు అన్నిటికన్నా భయం ఇదే: బాల్కనీ, సజ్జల రాడ్లు పైభాగంలో ఉండాలి. పోసేటప్పుడు మనుషులు వాటి మీదే నడుస్తారు, తొక్కి తొక్కి కిందికి దిగిపోతాయి, బయటికి ఏమీ తెలీదు గానీ ఆ బాల్కనీకి ఇంక బలం లేనట్టే. రాడ్ల కింద చైర్లు (రాడ్డునే వంచి చేసే ఎత్తు కాళ్ళు) పెట్టించి, నడవడానికి చెక్కలు వేయించండి.

పోసే రోజు మిల్లర్ (కాంక్రీట్ కలిపే మెషిన్) దగ్గర కూర్చోండి చాలు, చూడాల్సింది నీళ్ళు. ఎం20 (ఇళ్ళ స్లాబ్‌కి మామూలుగా వాడే రకం) కాంక్రీట్‌కి 50 కిలోల సిమెంట్ బస్తాకి 30 లీటర్లు మించకూడదు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గాలి. పల్చగా ఉంటే సులువుగా జారుతుందని లేబర్ ఇంకో బకెట్ పోసేస్తారు, వాళ్ళ కష్టం వాళ్ళది, తప్పు పట్టలేం, కానీ ఎక్కువైన నీరు ఆరిపోయాక లోపల సన్న సన్న ఖాళీలు మిగులుతాయి, వానాకాలం చెమ్మ అక్కడ్నుంచే దిగుతుంది, రాడ్డుకి తుప్పు అక్కడే మొదలవుతుంది. ఒడిశా వైపు నుంచి వచ్చిన లేబర్ ఉంటే పాణి ఎక్కువ పొయ్యొద్దని వాళ్ళ మాటలోనే చెప్పండి, మీ ఊళ్ళో ఒడియా రానివాళ్ళెవరు. వైబ్రేటర్ (కాంక్రీట్‌ని కుదిపి లోపలి గాలి తీసే మెషిన్) పనిచేస్తోందో లేదో కూడా ముందే ఆన్ చేయించి చూసుకోండి.

తర్వాత నీళ్ళు కట్టడం. మన దగ్గర దొరికేవి ఎక్కువ పీపీసీ (బూడిద కలిపినది), స్లాగ్ (ఇనుప కొలిమి చిట్టెం కలిపినది) సిమెంట్లే, వాటికి కనీసం 10 రోజులు స్లాబ్ తడి ఆరకూడదు, ఎండ గట్టిగా ఉంటే 14. పూటకోసారి పైపుతో చల్లితే చాలదు, గట్లు కట్టి నిలవ ఉంచాలి. ఈ పనికి మేస్త్రి కంటే మీరే నయం. ఇక జాకీలు (స్లాబ్ కింద నిలబెట్టే ఇనుప ఊతలు) తీసేస్తాం అని తొందర పెడతారు, వేరే సైట్‌లో కావాలి కదా! ఊతకీ ఊతకీ (గోడ గానీ దూలం గానీ) మధ్య నాలుగున్నర మీటర్ల లోపు ఉన్న స్లాబ్‌కి 7 రోజులు, అది దాటితే 14, దూలాల కింద 6 మీటర్ల లోపైతే 14, ఆపైన 21. ఇవి ఐఎస్ 456 కోడ్‌లో (కాంక్రీట్ పనికి దేశమంతా ఉన్న నియమాలు) ఓపీసీ, అంటే ఏమీ కలపని మామూలు సిమెంట్‌కి, ఉన్న రోజులు, పీపీసీ, స్లాగ్ అయితే ఇంకా ఎక్కువ ఉంచాలి, ఎన్నో ఇంజనీర్‌ని అడగండి, అంతకంటే ముందు ఒక్కటి కూడా కదపనివ్వొద్దు.

మేస్త్రితో గొడవ పెట్టుకోకండి, ఆయనకి పని వచ్చు. "ఇంజనీర్ గారు వచ్చి చూశాకే స్లాబ్ పోద్దాం బాబూ" అని ఇప్పుడే చెప్పండి, స్లాబ్ ముందు రోజు ఒక్కసారైనా వచ్చేలా ఇంజనీర్‌కి ఫీజు మాట్లాడుకోండి, మీ ఆయన్ని ఆ డబ్బు దగ్గర వెనకాడొద్దని చెప్పండి. రాడ్లు కట్టాక నాలుగు మూలలా, బాల్కనీ దగ్గర ఫోటోలు తీసి మాకు పంపితే పోసే లోపు చూసి చెప్తాను.