గొంతుకు వయసెప్పుడొస్తుంది?

ప్రశ్న: యాభై దాటాక నాకు పై స్థాయి పలకడం లేదు. టెన్షన్‌గా ఉంది. ఒపెరా (పాటలతోనే సాగే పాశ్చాత్య సంగీత నాటకం) టెనర్లు, అంటే పై స్థాయిలో పాడే మగ గాయకులు, అరవైల్లోనూ ఎలా పాడగలుగుతారు? – ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అందరూ పాడలేరమ్మా. నాకు ప్రాణమైన స్పెయిన్ టెనర్ అల్‌ఫ్రెడో క్రౌస్ పాడారు. 1927లో కానరీ దీవుల్లోని లాస్ పాల్మాస్‌లో పుట్టారు. 1956లో కైరోలో ‘రిగొలెట్టో’ అనే ఒపెరాలో డ్యూక్ పాత్రతో రంగప్రవేశం చేశారు. అరవైల్లోనూ ‘వెర్తర్’ అనే ఒపెరాలో పాడారు. తనది తేలికైన గొంతని ఎరిగి, బరువైన పాత్రలు ఒప్పుకోలేదు. ఒపెరాలో మామూలుగా మైకుండదు. ఆర్కెస్ట్రాను దాటి వినిపించాలి. అరిచి నెగ్గాలనుకుంటే గొంతు పాడవుతుంది. ఆయన నిగ్రహం తలుచుకుంటే నాకు చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది.

మీరు శ్రుతి ఒక మెట్టు దించి పాడండి, అందులో చిన్నతనమేమీ లేదు. బొంగురు మూడు వారాలు దాటితే మాత్రం ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.