రెడ్ ఈస్ట్ రైస్ వేసుకుంటే కొలెస్ట్రాల్ మాత్ర మానేయొచ్చా?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 56 ఏళ్ళు. అనంతపురం పాతూరులో బట్టల కొట్టు ఉంది. ఆరేళ్ళుగా షుగర్ ఉంది. గుండె జబ్బేమీ లేదు కానీ మా నాన్న 52 ఏళ్ళకే గుండెపోటుతో పోయారు. చెడు కొలెస్ట్రాల్ 168 ఉందని అటోర్వాస్టాటిన్ 20 రాశారు, వాడితే 94కి దిగింది. కొన్నాళ్ళకు పిక్కలు లాగడం మొదలైంది, ఎడమ కాలైతే మరీ. ఆ మాత్ర కండరాలను తినేస్తుందని, షుగర్ పెంచుతుందని ఫోన్‌లో ఎవరో చెప్తుంటే విని టెన్షన్ పడి రెండు నెలల కిందట నేనే ఆపేశాను. నొప్పి మాత్రం పూర్తిగా పోలేదు. మొన్న పరీక్ష చేయిస్తే మళ్ళీ 171. మందుల షాపు అబ్బాయి రెడ్ ఈస్ట్ రైస్ క్యాప్సూల్స్ వేసుకోమంటున్నాడు, చీటీ అక్కర్లేదట, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవట. మా బావమరిదేమో వెల్లుల్లి, చేపనూనె మాత్రలు అంటున్నాడు. ఏది వాడమంటారు?

జవాబు: క్యాప్సూల్స్ సంగతి తర్వాత, ముందు మీ ఎడమ పిక్క సంగతి తేల్చుకోవాలి. ఆ నొప్పి కొట్లో నిలబడినప్పుడు వస్తోందా, నడుస్తుంటే వస్తోందా? ఇంటి నుంచి సప్తగిరి సర్కిల్ వైపు నడుస్తుంటే కొంత దూరానికి పిక్క పట్టేసి, రెండు నిమిషాలు ఆగితే వదిలేసి, మళ్ళీ దాదాపు అంతే దూరం పోయాక మళ్ళీ పట్టేస్తోందంటే అది మాత్ర వల్ల వచ్చే నొప్పి తీరు కాదు. కాలికి రక్తం తీసుకెళ్ళే ధమని సన్నబడితే అలా ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్ళలో, అందులోనూ బీడీ సిగరెట్ అలవాటుంటే, ఇది అరుదేమీ కాదు. ధమని లోపల పేరుకునే దాంట్లో ఆ చెడు కొలెస్ట్రాలే ప్రధానం కాబట్టి, మీది అదే అయితే మీకు అందరికన్నా ఎక్కువ అవసరమైన మాత్రనే మీరు ఆపేసినట్టు. డాక్టరు పాదం మీద నాడి చూస్తారు, చేతి దగ్గర బీపీని చీలమండ దగ్గర బీపీతో పోల్చి చూస్తారు, అనుమానం ఉంటే కాళ్ళలో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ రాస్తారు. ఇది వచ్చే నెలకు వాయిదా వేయకండి.

మీ అటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మాత్రలను స్టాటిన్లు అంటారు. వాటి వల్ల వచ్చే నొప్పి మామూలుగా రెండు కాళ్ళకూ ఒకేలా, తొడలూ పిక్కలూ కలిపి వస్తుంది, మందు మొదలుపెట్టాకో డోసు పెంచాకో కొన్ని వారాల్లో వస్తుంది, ఆపాక కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. మీరు ఆపి రెండు నెలలైనా నొప్పి ఉంది, పైగా ఒక కాలికే ఎక్కువ. నడుము దగ్గర నరం నొక్కుకున్నా ఇలా ఒక పక్కే లాగొచ్చు. థైరాయిడ్ తక్కువైతే కండరాల నొప్పులూ వస్తాయి, కొలెస్ట్రాలూ పెరుగుతుంది, ఆ పరీక్ష చేయించారో లేదో మీరు రాయలేదు. థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్, విటమిన్ డి, కండరం దెబ్బతింటే పెరిగే సీపీకే, ఈ మూడూ ఒకే రక్తంతో అయిపోతాయి.

కండరాలను తినేయడం అన్న మాట పూర్తిగా అబద్ధం కాదు, కానీ అంత తీవ్రంగా కావడం చాలా అరుదు. అలా అయితే నొప్పులు భరించలేనంతగా ఉండి మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తుంది, అప్పుడు వెంటనే మాత్ర ఆపి ఆస్పత్రికి పోవాలి. షుగర్ కాస్త పెరుగుతుందన్నదీ నిజమే. కానీ మీకు షుగర్ ఎలాగూ ఉంది, దానికి మందు వాడుతూనే ఉంటారు, ఆ కొద్దిపాటి పెరుగుదలకు భయపడి గుండెను గాలికి వదిలేయడం ఏం లెక్క?

ఇంకో మాట చెప్తే కోపం తెచ్చుకోకండి. నొప్పులని స్టాటిన్ మానేసిన 60 మందితో బ్రిటన్‌లో ఒక పరిశోధన చేశారు, 2020లో ఫలితాలు వచ్చాయి. కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు మందు లేని ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏదీ ఇవ్వకుండా, రోజూ ఎంత బాధ ఉందో ఫోన్‌లో రాయమన్నారు. అసలు మాత్ర వేసుకున్న నెలల్లో వచ్చిన బాధలో 90 శాతం దాకా ఉత్తుత్తి మాత్ర నెలల్లోనూ వచ్చింది. వాళ్ళకు నొప్పి లేదని కాదు, ఉంది, నిజంగానే ఉంది. మాత్ర ఏదో చేస్తుందన్న భయంతో మింగితే ఒళ్ళు అలా స్పందిస్తుంది.

ఇక మందుల షాపు సలహా. రెడ్ ఈస్ట్ రైస్ అంటే బియ్యాన్ని ఒక రకం ఫంగస్‌తో పులియబెట్టి చేసేది, మనం తినే ఎర్ర బియ్యానికీ దానికీ సంబంధం లేదు. అందులో కొలెస్ట్రాల్ తగ్గించేది మొనాకొలిన్ కె. అది అచ్చంగా లోవాస్టాటిన్, అమెరికాలో 1987లోనే మందుగా అనుమతి పొందిన మొదటి స్టాటిన్. అంటే ఏ మాత్రకు భయపడి మానేశారో దాని అన్ననే చీటీ లేకుండా కొనుక్కుంటున్నారు. తేడా ఏమిటంటే డోసు ఎంతో ఎవరికీ తెలియదు. డబ్బా వెనక చదవండి, ఒక్కో క్యాప్సూల్‌లో పొడి ఎన్ని మిల్లీగ్రాములో ఉంటుంది కానీ మొనాకొలిన్ ఎంతో చాలాసార్లు ఉండదు. కొన్నింట్లో దాదాపు ఏమీ ఉండదు, కొన్నింట్లో మందు డోసంత ఉంటుంది. సరిగా తయారు కాకపోతే సిట్రినిన్ అనే విషం కూడా కలుస్తుంది, అది కిడ్నీలకు చెడ్డది, షుగర్ ఉన్న మీకు అసలే వద్దు. మన దేశంలో ఇలాంటి సప్లిమెంట్ల మీద నాట్ ఫర్ మెడిసినల్ యూజ్ అని రాయాలన్న నిబంధన ఉంది. దాన్నే మందని అమ్ముతున్నారు!

మీ బావమరిది చెప్పినవీ పరీక్షకు నిలబడలేదు. 2022లో అమెరికాలో దాదాపు 200 మంది మీద 28 రోజులు చూశారు. రోసువాస్టాటిన్ అనే ఇంకో స్టాటిన్ 5 మిల్లీగ్రాములు వాడినవాళ్ళలో చెడు కొలెస్ట్రాల్ 38 శాతం దాకా తగ్గింది. చేపనూనె, వెల్లుల్లి, పసుపు, దాల్చినచెక్క మాత్రలు, రెడ్ ఈస్ట్ రైస్ వాడినవాళ్ళలో ఉత్తుత్తి మాత్ర కన్నా చెప్పుకోదగ్గంత తగ్గలేదు. వెల్లుల్లి జట్టులోనైతే కాస్త పెరిగింది కూడా. ఊరగాయలో, పులుసులో వెల్లుల్లి మానమని కాదు, తినండి.

చీటీ లేకుండా దొరికేవాటిలో కొంతైనా పని చేసేది ఇసబ్గోల్. రోజుకు 10 గ్రాముల దాకా, నీళ్ళు బాగా తాగుతూ వాడితే 5 నుంచి 10 శాతం తగ్గొచ్చు. మీ 171లో పది శాతం పోయినా 154 మిగులుతుంది, మీలాంటివారికి 100 లోపు, వీలైతే 70 లోపు ఉండాలి. షుగర్ మాత్రకూ ఇసబ్గోల్‌కూ రెండు గంటల తేడా ఉంచండి. ఉగ్గాని పక్కన బజ్జీలు తగ్గించండి, సంకటిలోకి మాంసం కొవ్వు తీసి వండించండి. గానుగ నూనె మంచిదే, మంచిదని గరిటెలు గరిటెలు పోయకూడదు.

మాత్ర మానడానికీ, పాత మాత్రే మింగడానికీ మధ్య దారులు ఉన్నాయి. కాలి సంగతి తేలాక తక్కువ డోసులో రోసువాస్టాటిన్, అదీ పడకపోతే రోజు విడిచి రోజు, దానికి తోడు ఎజెటిమైబ్ ఇవ్వొచ్చు. ఇది పేగుల్లోంచి కొలెస్ట్రాల్ ఒంట్లోకి పోకుండా ఆపుతుంది, ఒంటరిగా అయితే ఐదో వంతు దాకా తగ్గిస్తుంది. ఏ స్టాటినూ పడనివాళ్ళకు బెంపెడోయిక్ యాసిడ్ కూడా వచ్చింది. ఖర్చు సమస్య అయితే స్టాటిన్లు జనౌషధి దుకాణాల్లో చవకగానే దొరుకుతాయి. మళ్ళీ మొదలుపెట్టిన ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ రక్తపరీక్ష) చేయించి, ఈ పాత రిపోర్టులు కూడా తీసుకెళ్ళండి.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. వయసు 29. చెడు కొలెస్ట్రాల్ 240 ఉందని రోసువాస్టాటిన్ వాడుతున్నాను. మా అమ్మకు 45 ఏళ్ళకే బైపాస్ అయింది. పిల్లల కోసం ప్లాన్ చేసుకుంటున్నాం, మాత్ర మానేయమని అత్తమ్మ అంటున్నారు. మానొచ్చా?

జవాబు: అమ్మా, ఈ విషయంలో మీ అత్తమ్మ మాట సబబే. గర్భం కోసం ప్రయత్నించేటప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు స్టాటిన్ ఆపమనే చాలామందికి చెప్తాం. కానీ మీది కుటుంబంలో వచ్చే కొలెస్ట్రాల్‌లా ఉంది కాబట్టి ఆపే రోజు, మళ్ళీ మొదలుపెట్టే రోజు మీ గుండె డాక్టరుతోనూ గైనకాలజిస్టుతోనూ మాట్లాడి పెట్టుకోండి. మధ్యలో అవసరమైతే పేగుల్లోనే పనిచేసి రక్తంలోకి పోని పొడి మందు ఉంది. మాత్ర వాడుతుండగానే నెల తప్పితే వెంటనే ఆపి డాక్టరుకు చెప్పండి, కంగారుపడి గర్భం తీయించుకోవాలన్న ఆలోచన చేయకండి. ఇంతలో మీ అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ ఒకసారి లిపిడ్ ప్రొఫైల్ చేయించమనండి.