క్లౌన్ చేప ఒంటి మీద తెల్లపొర: కాపర్ పోసే ముందు ఇవి చూడండి

మీరడిగింది ఇదీ: శ్రీకాకుళంలో ఉంటారు. విశాఖ షాపు నుంచి క్లౌన్ చేపల జత తెచ్చి అయిదు రోజులైంది. పెద్ద ట్యాంకులో వెయ్యకుండా విడిగా 50 లీటర్ల తొట్టిలో క్వారంటైన్ పెట్టారు. నిన్నటి నుంచి ఒకటి తిండి ముట్టడం లేదు, మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి, ఒంటి మీద తెల్లటి పొర కనిపిస్తోంది. రెండోది బాగానే తింటోంది. షాపాయన ఫోన్లోనే "వైట్ స్పాట్, కాపర్ వేసెయ్యండి" అన్నాడు (కాపర్ అంటే రాగి మందు). వెయ్యాలా, వద్దా?

ఇప్పుడే వద్దండి. మీరు రాసిన దాంట్లో "మచ్చలు" అన్న మాటే లేదు, "పొర" అని ఉంది. ఆ రెండింటికీ తేడా తెలియకే నా మొదటి జతని పోగొట్టుకున్నాను. నాదీ అప్పుడు ఫోన్ వైద్యమే. కాపర్ వేశాను, కొలత కూడా సరిగ్గానే ఉంది. మూడో రోజు తెల్లారేసరికి రెండూ తొట్టి అడుగున ఉన్నాయి. మందులో తప్పు లేదు, జబ్బే వేరు. దాని పేరు బ్రూక్లినెల్లా. క్లౌన్ చేపలకి ఎంత మామూలుగా వస్తుందంటే దాన్ని క్లౌన్ చేపల జబ్బనే పిలుస్తారు. కాపర్ దాన్ని ఏమీ చెయ్యలేదు.

జబ్బు సంగతి తర్వాత, ముందు నీళ్లు చూడండి. మొప్పలు కొట్టుకోవడం అమ్మోనియా వల్ల కూడా జరుగుతుంది. కొత్త తొట్టిలో అమ్మోనియాని తినే బాక్టీరియా ఇంకా కుదురుకోదు. పైగా ఉప్పునీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది కాబట్టి అదే అమ్మోనియా మంచినీటి తొట్టిలో కంటే ఇక్కడ ఎక్కువ విషం. టెస్ట్ కిట్ సున్నా కాకుండా ఏ రంగు చూపించినా ఇవాళే సగం నీళ్లు మార్చండి. స్పాంజ్ ఫిల్టర్ కొత్తదైతే పెద్ద ట్యాంకులో నానుతున్న పాత స్పాంజ్ ఒకటి తెచ్చి పెట్టండి. ఇకమీదట అక్కడ ఎప్పుడూ ఒకటి అదనంగా నాననివ్వండి. ఒక్కసారి క్వారంటైన్ తొట్టిలోకి వెళ్లిన స్పాంజ్‌ని మాత్రం వెనక్కి తేవద్దు.

మార్చే నీళ్లు ఎక్కడివన్నది ఇంకో గొడవ. నేను మొదట్లో డబ్బు కలిసొస్తుందని కళింగపట్నం వెళ్లి డబ్బాలతో సముద్రపు నీళ్లు తెచ్చేవాణ్ణి. ఒకసారి అక్టోబరు వానల తర్వాత వెళ్లాను. గట్టున వల బాగుచేసుకుంటున్న ముసలాయన నన్ను చూసి నవ్వాడు: "ఏటి బావూ, ఈ నీరా పట్టికెలతన్నావు? ఏరు దిగిపోనాది కదా, ఉప్పెక్కడుంటాది?" నేను వినలేదు. ఇంటికొచ్చి ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తే వెయ్యికి 22 పాళ్లు. మామూలుగా 35 దగ్గర ఉండాలి. వంశధార అక్కడే సముద్రంలో కలుస్తుందని చిన్నప్పుడు పుస్తకంలో చదువుకున్నాం, డబ్బా ముంచేటప్పుడు గుర్తు రాలేదు. అప్పట్నుంచి ఆర్‌వో నీళ్లలో ప్యాకెట్ ఉప్పే కలుపుతున్నాను. మీ రిఫ్రాక్టోమీటర్‌ని కూడా వట్టి డిస్టిల్డ్ వాటర్‌తో కాకుండా 35 ద్రావణంతో సరిచూసుకోండి. సున్నా దగ్గర సరిగ్గా ఉండి 35 దగ్గర తప్పు చూపించే మీటర్లు ఉంటాయి.

నీళ్లు బాగున్నాయని తేలాక రాత్రి గదిలో లైట్లన్నీ ఆర్పి, టార్చిలైటు చేప పక్కనుంచి, ఏటవాలుగా వెయ్యండి. ఎదురుగా వేస్తే ఏమీ కనబడదు.

ఉప్పురవ్వ చల్లినట్టు విడివిడిగా, లెక్కపెట్టడానికి వీలుగా చుక్కలుంటే అది వైట్ స్పాట్, అంటే మెరైన్ ఇక్. ఒంటి మీద సన్నటి పసుపు పిండి జల్లించినట్టు మెరుస్తూ, చేప వెలుగు పడక మూలకి పోతూ, లేదా పంపు నీళ్లకి ఎదురుగా ముఖం పెట్టి నిలబడితే వెల్వెట్. రెండింటిలో వెల్వెట్ రాక్షసి, దానికి రోజులు కాదు, గంటలు లెక్క. గంజి చల్లారాక పైన తొరక కట్టినట్టు, అక్కడక్కడ ఊడి వేలాడుతున్నట్టు జిగురు పొర ఉంటే బ్రూక్లినెల్లా. మీ వర్ణన దీనికే సరిపోతోంది. చివరిది, పైకేమీ కనబడకుండా చేప ఒళ్లు రాళ్లకి రాసుకుంటూ ఉంటే ఫ్లూక్స్ అనే పురుగుల్ని అనుమానించాలి.

అనుమానం తీరకపోతే మంచినీటి స్నానం ఒకటి చేయించండి. దీంతో చేపకి కొంత ఉపశమనం, మనకి పరీక్ష. క్లోరిన్ లేని నీళ్లు తీసుకుని, అదే వేడికి తెచ్చి, వంటసోడా చిటికెడు చిటికెడు కలుపుతూ పీహెచ్ 8.2కి తీసుకురండి. గిన్నె నల్లదైతే మంచిది. చేపని అందులో మూడు నుంచి అయిదు నిమిషాలు ఉంచండి. మొదట బెదిరి పక్కకి ఒరిగిపోతుంది, గుండె ఆగినంత పనవుతుంది మనకి. ఒక నిమిషంలో సర్దుకుంటుంది. సర్దుకోకుండా తిరగబడుతూనే ఉంటే తీసెయ్యండి. ఫ్లూక్స్ ఉంటే తెల్లబడి నువ్వుగింజల్లా గిన్నె అడుగున రాలతాయి. అప్పుడు మందు ప్రాజిక్వాంటెల్, లీటరుకి 2.5 మిల్లీగ్రాములు, వారంలోపు ఇంకోసారి.

ఇక బ్రూక్లినెల్లా అనే తేలితే ఫార్మలిన్. రెండో జతకి నేను చేసింది చెబుతాను. లాబ్ కెమికల్స్ అమ్మే చోట 37 శాతం ఫార్మలిన్ దొరికింది. అది మనుషులకి మంచి వస్తువు కాదు, క్యాన్సర్ కారకం. గ్లౌజులు వేసుకుని, ఇంటి లోపల కాకుండా పెరట్లో చేశాను, పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు. సీసా అడుగున తెల్లగా పేరుకుని ఉంటే ఆ సీసా వాడకూడదు, చేపకి ఇంకా విషం.

పది లీటర్ల ఉప్పునీళ్లకి 1.5 మిల్లీలీటర్లు. సిరంజితోనే కొలవాలి, మూత లెక్క పనికిరాదు. ఫార్మలిన్ నీళ్లలో ప్రాణవాయువుని లాగేస్తుంది కాబట్టి ఎయిర్ స్టోన్ పూర్తిగా తెరిచి పెట్టాలి. మన ఎండల్లో నీళ్లు 30 దాటుతాయి, ఆ వేడిలో ఈ స్నానం చేయిస్తే జబ్బు కంటే మనమే ముందు చంపుతాం. పొద్దున్నే చల్లటి వేళ చెయ్యండి, 27 దాటనివ్వద్దు. నేను 45 నిమిషాలు ఉంచాను, పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని. టీ తాగడానికి కూడా లేవలేదు. చేప పక్కకి పడిపోతే ఆ క్షణమే తీసెయ్యాలి.

స్నానం అయ్యాక చేప పాత తొట్టిలోకి వెళ్లకూడదు. అసలు కిటుకు ఇదే. వేరే తొట్టి, వేరే స్పాంజ్, వేరే వల. నా దగ్గర రెండో తొట్టి లేక మూతున్న ప్లాస్టిక్ బకెట్‌తో గడిపాను, బాగానే పనిచేసింది. పాతదాన్ని బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టాను. రోజు విడిచి రోజు, మొత్తం మూడు స్నానాలు. రెండో స్నానం తర్వాత పొర జారిపోయింది. నాలుగో రోజు సాయంత్రం, గడ్డకట్టించిన ఆర్టీమియా (చిన్న రొయ్యల్లాంటి మేత) కరిగించి వేస్తే, నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. ఉమ్మేసినా సంతోషమే, కనీసం నోట్లో పెట్టుకుంది. మర్నాడు మింగింది.

టార్చిలైటులో చుక్కలో, పసుపు పిండో కనబడితేనే కాపర్ మాట. కొందరు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలపమంటారు. తోటకి కొట్టే మైలుతుత్తం తెచ్చి అంచనాగా కలపకండి, చేపని బతికించే మోతాదుకీ చంపే మోతాదుకీ మధ్య గీత చాలా సన్నం. సీసాలో వచ్చే కీలేటెడ్ కాపర్ అయితే 2.25 నుంచి 2.5 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు), క్యుప్రమైన్ అనే బ్రాండు రకం అయితే 0.5. ఈ రెండు అంకెల్నీ కలగాపులగం చేసుకునేవాళ్లని చూశాను. నీళ్లలో కాపర్ కొలిచే మీటర్, హన్నా కాపర్ చెకర్, ఖరీదే, కానీ రంగు కార్డుతో ఈ పని అవ్వదు. తొట్టిలో రాళ్లు, ఇసుక ఉంటే కాపర్‌ని పీల్చేస్తాయి. దాక్కోవడానికి నాలుగు పీవీసీ ఎల్బోలు వెయ్యండి, ప్లంబరు దగ్గర దొరుకుతాయి. అమ్మోనియాని కట్టేసే ద్రవాలని కాపర్ ఉన్న నీళ్లలో పొయ్యకండి, రెండూ కలిస్తే కాపర్ ఇంకా విషమవుతుంది.

ఇక్ విషయంలో ఒక మోసం ఉంది. నాలుగైదు రోజులకి చుక్కలు మాయమైతే మందు పనిచేసిందనుకుంటాం. పురుగు చేపని తిని, రాలి, అడుగున గుడ్డులా ముడుచుకుని కూర్చుంటుంది అంతే. తర్వాత వందల పిల్లలతో పైకి లేస్తుంది. కాపర్ చంపేది ఆ ఈదే పిల్లల్నే. అందుకే నెల రోజులు కాపర్ తగ్గకుండా పట్టుకోవాలి. పెద్ద ట్యాంకులో కూడా జబ్బు వచ్చి ఉంటే అక్కడ ఒక్క చేప లేకుండా 76 రోజులు ఖాళీగా వదలాలి. రొయ్యలు, పగడాలు ఉండొచ్చు. మా ఆవిడ ఆ రెండున్నర నెలలూ "నీళ్లకి కరెంటు బిల్లు కడుతున్నాం" అనేది.

కరెంటంటే గుర్తొచ్చింది. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి కొనిపెట్టుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మన జిల్లా ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి చీకటి. మందేసిన తొట్టిలో గాలి ఆగితే అన్ని రోజులు అక్కర్లేదు, గంట చాలు.

మళ్లీ చేపలు తెచ్చేటప్పుడు ఒక మాట. విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి మన కాంప్లెక్స్‌కి బస్సులో వచ్చేసరికి కవరులో చేప వదిలిన అమ్మోనియా పేరుకుంటుంది. కవరు మూసి ఉన్నంతసేపు పీహెచ్ తక్కువగా ఉండి దాని విషం పెద్దగా తెలియదు. విప్పగానే పీహెచ్ లేస్తుంది, అదే అమ్మోనియా కాటేస్తుంది. గంటలకొద్దీ చుక్క చుక్క నీళ్లు కలుపుతూ కూర్చోకండి. షాపు నీటి ఉప్పు ఎంతో ముందే అడిగి తొట్టిని ఆ అంకెకి తెచ్చుకుంటే, వేడి సరిచూసి చేపని వెంటనే తొట్టిలోకి మార్చొచ్చు. హేచరీలో పుట్టినవో, సముద్రంలో పట్టినవో కూడా అడగండి. తమిళనాడు మండపంలోని సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రం క్లౌన్ చేపల్ని హేచరీలో పెంచడం ఎప్పుడో సాధించింది, అలాంటివి మన షాపులకీ వస్తాయి. బ్రూక్లినెల్లా గొడవ ఎక్కువగా సముద్రంలో పట్టి తెచ్చినవాటితోనే.

మీ రెండో చేప ఇంకా బాగానే తింటోందని రాశారు కదా, దానికీ అదే స్నానం చేయించండి. నా మొదటి జతలో రెండోది చనిపోయే ముందు రోజు దాకా తింటూనే ఉంది.