రోజూ "ఈ రోజు" పేజీ రాయాలంటే సరుకు ఎక్కడిది? తేదీలు నమ్మేదెలా?

ప్రశ్న: "రోజూ 'ఈ రోజు' పేరుతో చిన్న పేజీ ఒకటి రాయాలని ఉంది. చరిత్రలో ఆ తేదీన జరిగినవి, సరదా సంగతులు, ఆ రోజు ప్రత్యేకత, చివర నా సొంత మాటలు కొన్ని. ఏడాదంతా సరుకు దొరుకుతుందా? తేదీలు తప్పుల్లేకుండా ఎలా చూసుకోవాలి?"

కొన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నాను కాబట్టి చెబుతున్నా. మొదట డైరీలో నాకోసం రాసుకునేవాణ్ణి, తర్వాత తెలిసినవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే పెట్టడం మొదలుపెట్టాను. సరుకు దొరకదేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. అసలు ఇబ్బంది సరుకు ఎక్కువైపోవడమే. ఏ తేదీ తీసుకున్నా వికీపీడియాలో చాంతాడంత జాబితా ఉంటుంది. అందులోంచి పాతిక ఎత్తి వరసగా పెడితే చదివేవాళ్ళకి ఒక్కటీ గుర్తుండదు. నేను రోజుకి ఒకే పెద్ద సంగతి తీసుకుంటాను. వీలైతే పక్కన ఒకటో రెండో చిన్నవి. ప్రత్యేక దినం ఏదైనా ఉంటే దాని గురించి రెండు ముక్కలు. చివర నా మాటలు.

ఏమీ జరగని రోజులూ ఉంటాయి. నాకు అవంటేనే ఇష్టం. 1930 ఏప్రిల్ 18 రాత్రి బీబీసీ రేడియోలో వార్తల టైమ్‌కి అనౌన్సర్ "ఈ రోజు వార్తలేమీ లేవు" అని చెప్పి ఊరుకున్నాడు. మిగతా సమయమంతా పియానో వినిపించారు. ఇరవై నాలుగు గంటల న్యూస్ చానళ్ళకి అలవాటు పడ్డ మనకి ఇంతకంటే వింత వార్త ఉంటుందా? అలాగే 2010లో కేంబ్రిడ్జ్‌లో ఒక ప్రోగ్రామర్ తన సెర్చ్ ఇంజిన్‌లోని కోట్ల సమాచారాన్ని జల్లెడ పట్టి, 1900 తర్వాత అన్నిటికంటే బోరు కొట్టే రోజు 1954 ఏప్రిల్ 11 అని తేల్చాడు. బెల్జియంలో ఎన్నికలు, ఇంకో ఒకటి రెండు చిన్న విషయాలు తప్ప ఆ రోజు చెప్పుకోదగ్గది ఏమీ దొరకలేదట. ఆ ప్రకటనతో ఆ తేదీ కాస్తా ప్రసిద్ధమైపోయింది, అది వేరే విషయం.

జయంతులు, వర్ధంతుల మీద ఎక్కువ ఆధారపడకండి. ఇది నా గట్టి అభిప్రాయం. పుట్టిన రోజున ఆ మనిషి ఏడవడం తప్ప చేసిందేమీ ఉండదు. పైగా పాతకాలం వాళ్ళ పుట్టిన తేదీలు చాలావరకు అంచనాలే. బీథోవెన్‌కి 1770 డిసెంబర్ 17న బాప్టిజం జరిగినట్టు చర్చి రికార్డు ఉంది, పుట్టిన తేదీకి రికార్డు లేదు. ముందురోజు పుట్టి ఉంటాడని లెక్క వేసుకుని 16 అంటున్నాం. షేక్‌స్పియర్ సంగతీ అంతే. 1564 ఏప్రిల్ 26 బాప్టిజం తేదీ. ఏప్రిల్ 23 తర్వాతివాళ్ళు ఖాయం చేసుకున్నది.

పుట్టుకల బదులు ఆ మనిషి పని చేసిన రోజుని వెతకండి. ఎక్స్‌రే కిరణాల్ని కనిపెట్టిన రాంట్‌జెన్‌నే తీసుకోండి. ఆయన పుట్టింది మార్చి 27న, దాన్ని నేనెప్పుడూ వాడలేదు. 1895 నవంబర్ 8 సాయంత్రం ఆయన ల్యాబ్‌లో ఒక గొట్టానికి నల్ల అట్ట చుట్టి కరెంటు పంపితే, దూరంగా ఉన్న తెర మెరవడం కనిపించింది. అది ఒక తేదీ. డిసెంబర్ 22న భార్య చేతిని ఆ కిరణాలతో ఫోటో తీశాడు. వేళ్ళ ఎముకలు, వాటిలో ఒకదాని చుట్టూ నల్లగా ఉంగరం. అది రెండో తేదీ. డిసెంబర్ 28న తన పేపర్‌ని వుర్జ్‌బర్గ్‌లోని శాస్త్ర సంఘానికి అందజేశాడు. అది మూడోది. ఒకే ఆవిష్కరణకి మూడు తేదీలు, మూడింటికీ మూడు వేర్వేరు కథలు. సరిగ్గా ఆ డిసెంబర్ 28నే పారిస్‌లో ఒక కేఫ్ నేలమాళిగలో లూమియేర్ సోదరులు టికెట్ పెట్టి సినిమా చూపించారు. చర్మం కింద ఎముకని చూపించే కిరణాల పేపర్, లూమియేర్ల కదిలే బొమ్మ ఒకే రోజున బయటికొచ్చాయి. ఇలాంటి జత తగిలిన రోజున రాయడానికి కష్టపడక్కర్లేదు, చేతులు కట్టేసుకోవడమే కష్టం.

జతలు కుదిరాయని మరీ పొంగిపోకూడదు కూడా. డార్విన్, లింకన్ ఇద్దరూ 1809 ఫిబ్రవరి 12నే పుట్టారు. నిజమే, సరదాగా ఉంటుంది. స్టీఫెన్ హాకింగ్ పుట్టిన 1942 జనవరి 8 గెలీలియో పోయి సరిగ్గా మూడొందల ఏళ్ళైన రోజు. ఈ మాట చెబుతూ హాకింగే, ఆ రోజు ఇంకో రెండు లక్షల మంది పిల్లలు పుట్టి ఉంటారని నవ్వేసేవాడు. అసలు ఎవరైనా 23 మందిని ఒక గదిలో కూర్చోబెడితే అందులో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి పైనే. మరి వేలమంది ప్రముఖులున్న జాబితాలో జతలు దొరక్కపోతే ఆశ్చర్యపోవాలి.

ఇక తేదీల సంగతి. పేరు తప్పు రాస్తే ఎవరో ఒకరు పట్టుకుంటారు. తేదీ తప్పైతే ఎవరికీ అనుమానం రాదు, అలాగే ఫార్వర్డ్ అయిపోతుంది. అందుకే నా ఎక్సెల్ షీట్‌లో 366 వరసలుంటే, ప్రతి వరసలో విషయం పక్కన ఇంకో రెండు గడులు పెట్టుకున్నాను: ఒకటి ఎక్కడ చదివానో రాయడానికి, రెండోది ఆ తేదీ ఏ క్యాలెండర్ ప్రకారమో, ఏ దేశం టైమ్ ప్రకారమో రాయడానికి. రెండో గడి ఖాళీగా ఉంటే ఆ సంగతి పేజీలోకి రాదు.

క్యాలెండర్ గొడవ ఏంటంటే, యూరప్‌లో పూర్వం వాడిన జూలియన్ క్యాలెండర్‌లో ఏడాది అసలు కంటే పదకొండు నిమిషాలు ఎక్కువ. శతాబ్దాలు గడిచేసరికి అది రోజులకి రోజులే తేడా తెచ్చింది. 1582లో పోప్ 13వ గ్రెగరీ దాన్ని సరిచేశాడు, ఇప్పుడు మనం వాడేది ఆ కొత్తదే. అక్టోబర్ 4 గురువారం, మర్నాడు అక్టోబర్ 15 శుక్రవారం. ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్‌లో మధ్యలో పది తేదీలు లేనే లేవు. "1582 అక్టోబర్ 10న రోమ్‌లో" అని ఎక్కడైనా కనిపిస్తే నవ్వుకుని వదిలేయండి. బ్రిటన్ 1752 వరకు ఒప్పుకోలేదు, అప్పుడు సెప్టెంబర్ 2 తర్వాత 14 వచ్చింది. రష్యాలో మార్పు జరిగింది 1918లో. అక్టోబర్ విప్లవం వార్షికోత్సవం నవంబర్ 7న రావడానికి కారణం అదే.

దీన్ని పట్టించుకోకపోతే ఎలాంటి కథలు పుడతాయో చూడండి. షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23నే పోయారని ఎన్నిసార్లు చదివి ఉంటారు? స్పెయిన్ కొత్త క్యాలెండర్‌లో ఉంది, ఇంగ్లాండ్ పాతదాంట్లో. షేక్‌స్పియర్ పోయేటప్పటికి స్పెయిన్‌లో మే 3. సెర్వాంటెస్ కూడా పోయింది 22న, ఖననం జరిగింది 23న. అయినా యునెస్కో 1995లో ఏప్రిల్ 23ని ప్రపంచ పుస్తక దినంగా పెట్టింది. నేనైతే ప్రతి ఏప్రిల్ 23నా ఈ తిరకాసే రాస్తాను, పుస్తకాల గొప్పతనం గురించి ఉపన్యాసం కంటే ఇదే నయం. గెలీలియో పోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడన్నదీ ఇలాంటిదే. న్యూటన్ పుట్టింది ఇంగ్లాండ్ లెక్కలో 1642 డిసెంబర్ 25, ఇటలీ లెక్కలో 1643 జనవరి 4. ఒకరికి ఒక లెక్క, ఇంకొకరికి ఇంకో లెక్క వాడితేనే ఆ మాట నిలబడుతుంది.

టైమ్ జోన్ కూడా అంతే పని చేస్తుంది. చంద్రుడి మీద మనిషి అడుగు పెట్టింది అమెరికా లెక్కలో 1969 జూలై 20 రాత్రి. మనకి అప్పుడు జూలై 21 పొద్దున దాదాపు ఎనిమిదిన్నర. పెర్ల్ హార్బర్ మీద దాడి హవాయిలో డిసెంబర్ 7, జపాన్‌లో డిసెంబర్ 8. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ లొంగుబాటు బెర్లిన్‌లో 1945 మే 8 అర్ధరాత్రికి దగ్గర్లో జరిగింది, మాస్కోలో అప్పటికే 9 వచ్చేసింది. ఇప్పటికీ రష్యా విజయోత్సవం 9నే. ఇలాంటి చోట రెండు తేదీలూ రాసేయండి, ఒక వాక్యం ఎక్కువైనా పర్వాలేదు.

ప్రత్యేక దినాలు ఎడాపెడా పుట్టుకొస్తున్నాయి. అన్నీ రాయబోతే పేజీ నోటీసు బోర్డులా తయారవుతుంది. నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఈ తేదీనే ఎందుకు? ఫిబ్రవరి 21 మాతృభాషా దినానికి జవాబుంది. 1952లో అదే రోజున ఢాకాలో బెంగాలీ కోసం ఊరేగింపు తీసిన విద్యార్థుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఏప్రిల్ 7 ఆరోగ్య దినానికి ఉంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948లో మొదలైన రోజు. జూన్ 5 పర్యావరణ దినానికి ఉంది, 1972లో స్టాక్‌హోమ్‌లో పర్యావరణ సదస్సు ప్రారంభమైన రోజు. జవాబు దొరకని దినాల్ని, ముఖ్యంగా ఏదో వస్తువు అమ్ముకోవడానికి పెట్టినవాటిని, నేను పట్టించుకోను. ఎవరైనా అడిగితే తెలియలేదని చెబుతా.

గ్రూపుల్లో తిరిగే క్యాలెండర్ వింతల దగ్గర మాత్రం ఆగి రాయండి, జనానికి అవి పనికొస్తాయి. "ఈ నెలలో ఐదు శుక్రవారాలు, ఐదు శనివారాలు, ఐదు ఆదివారాలు. 823 ఏళ్ళకోసారే వస్తుంది" అన్న మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. 31 రోజుల నెల శుక్రవారంతో మొదలైతే చాలు, అలా వస్తుంది. దాదాపు ఏటా వస్తుంది. మన క్యాలెండర్ 400 ఏళ్ళకి తేదీ, వారంతో సహా అచ్చంగా మళ్ళీ మొదటికొస్తుంది కాబట్టి 823 అన్న అంకెకి అందులో చోటే లేదు. నిజమైన వింత కావాలంటే ఆ 400 ఏళ్ళలోనే ఉంది: 13వ తేదీ మిగతా ఏ వారం కంటే శుక్రవారమే ఎక్కువసార్లు పడుతుంది. 4,800 నెలల్లో 688 సార్లు.

ఆగస్టు 27న అంగారకుడు చంద్రుడంత కనిపిస్తాడన్న మెసేజ్ ఇంకో మొండిది. 2003లో ఆ తేదీన అంగారకుడు నిజంగానే భూమికి బాగా దగ్గరగా, దాదాపు 5 కోట్ల 58 లక్షల కిలోమీటర్ల దూరానికి వచ్చాడు. వేల ఏళ్ళలో అంత దగ్గరికి రాలేదు. 75 రెట్లు పెంచి చూపించే టెలిస్కోప్‌లో చూస్తే, మామూలు కంటికి చంద్రుడు కనిపించేంత కనిపిస్తాడని ఎవరో రాశారు. దారిలో ఎక్కడో టెలిస్కోప్ మాయమైంది, ఆ తర్వాత సంవత్సరం కూడా మాయమైంది. అప్పట్నుంచి ఆగస్టు వస్తే చాలు, ఆ మెసేజ్ మళ్ళీ తయారు.

ఇక మీ సొంత మాటలు. చాలామంది దీన్ని చివర్లో రాసే మంచిమాట అనుకుని సూక్తులు పెడతారు. దయచేసి వద్దు. చరిత్ర ముక్కకి మీ జీవితంలో నిజంగా తగిలే చోటు ఒకటి ఉంటుంది, అది దొరికిన రోజే రాయండి. ఒక డిసెంబర్ 22న రాంట్‌జెన్ భార్య ఉంగరం గురించి రాశాక, అమ్మ మణికట్టు విరిగినప్పటి సంగతి రాశాను. ఎక్స్‌రేకి ఉంగరం తీసేయమన్నారు. వేలు వాచిపోయి రాలేదు. సబ్బు నురగ రాసి, దారం చుట్టి, అరగంట తంటాలు పడ్డాం. అమ్మకి విరిగిన ఎముక కంటే ఉంగరం ఎక్కడ పోతుందోనన్నదే బెంగ. ఫిల్మ్ వచ్చాక కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుని చూసి, "ఉంగరం ఉంటే బాగుండేది, బోసిగా ఉంది" అంది. ఇంతే రాశాను, ఏ నీతీ కలపలేదు. ఆ రోజు గ్రూపులో వచ్చినన్ని జవాబులు, లూమియేర్ సోదరులకి కూడా రాలేదు. ఒకాయన అయితే వాళ్ళ తాతగారి చేతి ఎక్స్‌రే ఇంకా బీరువాలో ఉందని ఫోటో తీసి పెట్టారు.

కాబట్టి చరిత్ర భాగం వారం ముందే రాసి పెట్టుకోండి, తీరిగ్గా సరిచూసుకోవచ్చు. సొంత మాటలు మాత్రం ఆ పొద్దున్నే రాయండి, వారం ముందు రాసినవి చప్పబడిపోతాయి. ఏమీ తోచకపోతే ఆ చోటు వదిలేయండి, ఎవరూ అడగరు.

రెండో ఏడాది మళ్ళీ అవే తేదీలొస్తాయి కదా అని భయపడకండి. ఒకే తేదీకి ఇంకో సంగతి తీయొచ్చు, లేదా అదే సంగతిని ఇంకో వైపు నుంచి రాయొచ్చు. జూలై 4న ఓసారి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాస్తే, మరుసటి ఏడు అసలు ఓటింగ్ జరిగింది జూలై 2న అని, ఆ ప్రకటన నాయకుల్లో ఒకడైన జాన్ ఆడమ్స్ జనం పండగ చేసుకునేది ఆ రోజేనని అనుకున్నాడని రాయొచ్చు. ఆ తర్వాతి ఏడు, ఆడమ్స్, ఆ ప్రకటన రాసిన జెఫర్సన్ ఇద్దరూ 1826 జూలై 4నే కన్నుమూశారని.

షీట్‌లో 366 వరసలు పెట్టుకున్నది ఫిబ్రవరి 29 కోసం. మొరార్జీ దేశాయ్ 1896 ఫిబ్రవరి 29న పుట్టారు. నాలుగేళ్ళకి రావాల్సిన మొదటి పుట్టినరోజు ఆయనకి రాలేదు, ఎందుకంటే 1900 లీపు సంవత్సరం కాదు. వందతో భాగించబడే ఏళ్ళు నాలుగొందలతో కూడా భాగించబడితేనే లీపు అవుతాయి. అలా ఎనిమిదేళ్ళు ఆగి 1904లో మొదటిసారి ఆ తేదీ చూశారు. స్వీడన్ అయితే క్యాలెండర్ మార్పులో తడబడి, 1712లో ఏకంగా ఫిబ్రవరి 30 పెట్టుకుంది. ఈ రెండూ మీరు తీసేసుకోండి, 2028 ఫిబ్రవరి 29న పనికొస్తాయి.