పీణ్యలో ప్యానెల్ బోర్డుల ఉద్యోగం: చేరమనాలా, వద్దనాలా?

హిందూపురం నుంచి ఒక తండ్రిగారి ప్రశ్న ఇది. అబ్బాయి బెంగళూరులో ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్) పూర్తి చేశాడు, పీణ్యలో ప్యానెల్ బోర్డులు (మోటార్లకు, మెషిన్లకు కరెంటు ఇచ్చే స్విచ్‌ల పెట్టెలు) చేసే చిన్న కంపెనీ డిజైన్ ట్రైనీగా రమ్మంది, జీతం తక్కువ. స్నేహితులేమో మారతహళ్లిలో సాఫ్ట్‌వేర్ కోచింగ్‌లో చేరిపోయారు. "ఐసొలేటర్లు, కాంటాక్టర్లు ఏరే పనికి ఇంజినీరింగ్ చదవాలా?" అని అడిగారు.

చేరమనండి. కానీ ఆ ఏరే పని ఏమిటో ముందు మీరూ తెలుసుకోవాలి, ఎందుకంటే అబ్బాయి విలువ పెరిగేది అక్కడే. కాంటాక్టర్ అంటే బటన్ నొక్కితే మోటారుకు కరెంటు ఇచ్చే, ఆపే స్విచ్. ఐసొలేటర్ అంటే రిపేరుకు ముందు సప్లైని పూర్తిగా విడదీసే స్విచ్.

10 హెచ్‌పీ మోటార్ ఒకటి ఉందనుకోండి. 415 వోల్టుల మీద నడిచేటప్పుడు సుమారు 14 ఆంపియర్లు తీసుకుంటుంది, డైరెక్టుగా స్టార్ట్ చేస్తే ఆ క్షణంలో ఆరేడు రెట్లు లాగుతుంది. కాంటాక్టర్ మీద 25 ఆంపియర్లు అని కనిపించగానే కొత్తవాళ్లు అదే పెట్టేస్తారు. ఆ 25 హీటర్ లాంటి లోడుకు, అంటే ఏసీ-1కి. మోటారుకు చూడాల్సింది ఏసీ-3 అంకె, అదే కాంటాక్టర్‌కు అది 9 మాత్రమే ఉండొచ్చు! కొన్నాళ్లు బాగానే నడుస్తుంది, తర్వాత ఏదో ఒక రోజు లోపలి కాంటాక్టులు అతుక్కుపోతాయి, స్టాప్ బటన్ నొక్కినా మోటార్ ఆగదు.

అందుకే కాంటాక్టర్ ఆఫ్‌లో ఉందని నమ్మి ఎవరూ చెయ్యి పెట్టకూడదు. రిపేరుకు దిగే మనిషికి ఐసొలేటర్ కావాలి, దాన్ని ఆఫ్ చేసి, తాళం వేసి, తాళంచెవి తన జేబులోనే ఉంచుకుని, సప్లై లేదని మీటరుతో చూసుకున్నాకే పని మొదలుపెట్టాలి. మామూలు ఐసొలేటర్‌ని లోడు ఉండగా తెరిస్తే ఆర్క్ (కరెంటు గాల్లోంచి దూకే మంట) ముఖం మీదికి వస్తుంది, లోడు మీదే తెరవాల్సి వచ్చే చోట లోడ్ బ్రేక్ స్విచ్, అదీ మోటారుకైతే ఏసీ-23 రేటింగ్ ఉన్నది పెట్టాలి. ఈ రేటింగుల సంగతులన్నీ ఐఈసీ 60947 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఉన్నాయి, స్విచ్‌లకు మూడో భాగం, కాంటాక్టర్లకు 4-1. తప్పుగా ఏరితే కాలేది ప్యానెల్ ఒక్కటే కాదు, ఎలక్ట్రీషియన్ చేతులు కూడా.

సోలార్ వచ్చాక ఈ విద్యకు అవసరం ఇంకా పెరిగింది. మీకు దగ్గర్లోని పావగడ సోలార్ పార్కే 2,050 మెగావాట్లు. 50 హెర్ట్జ్ ఏసీలో కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి ఆర్క్ ఆరిపోతుంది, సోలార్ ప్యానెళ్లు ఇచ్చే డీసీలో ఆ అవకాశం లేదు, ఏసీ స్విచ్ తెచ్చి ఆ ప్యానెళ్ల వైపు పెడితే అది మండిపోవచ్చు. ఈ తేడా తెలిసి డ్రాయింగ్ గీసేవాడు ఏ కంపెనీకైనా కావాలి.

ఇక షరతు. పాత డ్రాయింగ్ కాపీ కొట్టి రేట్లు మాత్రం మార్చే పని అయితే ఏడాదిలో బయటికి వచ్చేయమనండి. చేరే ముందే అడగమనండి: టెస్టింగ్ బెంచ్ దగ్గరికి, సైట్‌కి పంపుతారా? ఎంసీసీబీ (షార్ట్ సర్క్యూట్ అయితే కరెంటు ఆపే బ్రేకర్) ఎన్ని కేఏది, అంటే ఎన్ని కిలో ఆంపియర్లది కావాలో ఫాల్ట్ లెవెల్ (షార్ట్ అయితే అక్కడ పారగల కరెంటు) లెక్కగట్టి తేలుస్తారా, లేక అలవాటుగా రాసేస్తారా? స్విచ్‌గేర్ పరీక్షలు చేసే సీపీఆర్ఐ (సెంట్రల్ పవర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్) 1960 నుంచీ బెంగళూరులోనే ఉంది, టైప్ టెస్ట్ (డిజైన్ నమూనాకు చేసే పరీక్ష) రిపోర్టు చదవడం కంపెనీలోని సీనియర్లు నేర్పిస్తారా?

ఈలోగా ఇంటికొచ్చినప్పుడు మీ బోరు మోటార్ నేమ్‌ప్లేట్ చూసి, దానికి ఏ కాంటాక్టర్, ఏ ఓవర్‌లోడ్ రిలే (మోటార్ ఎక్కువ కరెంటు లాగితే ఆపించేది), ఏ ఐసొలేటర్ సరిపోతాయో కేటలాగ్ తీసి కారణాలతో సహా రాయమనండి. నాకు పంపిస్తే చూసి తప్పొప్పులు చెప్తాను.