ఫోర్కు విప్పే ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు

రాయగడ

చిరంజీవి బాబుకు పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి భోజనాల దగ్గర మీ నాన్న నీ సంగతి చెప్పాడు. దేవమాలి కొండ నుంచి దిగుతున్నప్పుడు నీ సైకిలు ముందు చక్రాన్ని పట్టుకొని కుదుపులు మింగే ఫోర్కు బిగుసుకుపోయినట్టు గరగరమంటున్నదనీ, దాన్ని విశాఖపట్నం తీసుకెళ్లి డబ్బు పోసే బదులు సీళ్లూ ఆయిలూ తెప్పించుకొని దసరా సెలవుల్లో కొరాపుట్‌లో నీ గదిలోనే విప్పి బాగుచేసుకుంటానన్నావనీ అన్నాడు. విన్నప్పుడు నా మనసు పొంగింది. మన ఇంట్లో నా తరవాత పానా పట్టుకోవాలని కోరినవాడివి నువ్వొక్కడివే. అయితే పడుకున్న తరవాత నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఫోనులో చెబితే సరే పెదనాన్నా అని పెట్టేస్తావు. కాగితమైతే పని చేసేటప్పుడు పక్కన ఉంటుంది.

నా బతుకంతా మోటారు సైకిళ్ల మీద గడిచినా, షెడ్డు మూసే ముందు ఆరేడేళ్లు కొండల్లో తిరిగే కుర్రాళ్ల సైకిళ్ల ఫోర్కులు కూడా నా చేతుల మీదుగా వెళ్లాయి. కాబట్టి తెలియని విషయంలో తలదూర్చుతున్నానని అనుకోకు.

నీ ఫోర్కుకు చేయాల్సిన పనిలో చాలావరకు కింది కాళ్లలోనే ఉంది. పై గొట్టాలు ఆ కాళ్లలోకి జారుతూ వస్తుంటాయి; వాటిని తుడిచే రబ్బరు పెదవి పైన ఉంటుంది, దాని కింద ఆయిలు పీల్చుకొన్న స్పాంజి చుట్ట ఉంటుంది, అడుగున కాస్త ఆయిలు ఉంటుంది. వానాకాలమంతా నువ్వు తొక్కిన ఎర్రమట్టి ఆ పెదవి దాటి లోపలికి వెళ్లి స్పాంజిని బురద చేస్తుంది. అందుకే గరగర. మన కొరాపుట్ ఎర్రమట్టి ఎండినప్పుడు మెత్తగా కనిపిస్తుందే గానీ, గొట్టం మీద పూతకు అది గరుకు కాగితమే. ఫోర్కులు తయారుచేసే రాక్‌షాక్స్ వారు కింది కాళ్లను 50 గంటలు తొక్కాక ఒకసారి శుభ్రం చేయమంటారు. ఇంకో కంపెనీ ఫాక్స్ వారు 125 గంటలకో ఏడాదికో పూర్తి సర్వీసు చేయించమంటారు. అవి మామూలుగా తొక్కేవాళ్లకు చెప్పిన అంకెలు; జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలో దిగిన నీ సైకిలుకు అంతకన్నా ముందే చేయాలి. ఈ పని ఇంట్లో నువ్వు చేసుకోవచ్చు. చేసుకోవాలని కూడా నేనంటాను, ఎందుకంటే ప్రతి 50 గంటలకూ ఫోర్కు ఊడదీసి రైల్లో పెట్టుకొని విశాఖపట్నం వెళ్లేవాడు త్వరలోనే విసిగి, అసలు సర్వీసే మానేస్తాడు.

ఇక వరస. మొదట ముందు చక్రం తీసి, దాని మీది బ్రేకు డిస్కుతో సహా వేరే గదిలో పెట్టు. బ్రేకును కూడా ఫోర్కు మీద నుంచి విప్పి దూరంగా కట్టెయ్యి. ఫోర్కులో గాలి ఎంత ఉందో, నొక్కుకున్న ఫోర్కు ఎంత వేగంగా తిరిగి లేవాలో కుదిర్చే రీబౌండు గుండీ ఎన్ని టిక్కుల మీద ఉందో కాగితం మీద రాసుకో. తరవాత గాలి తియ్యి. ఈ ఒక్క మాట గురించి కింద చాలా రాస్తాను, అది చదివే దాకా చెయ్యి పెట్టకు. కాళ్ల అడుగున ఉన్న బోల్టులను పూర్తిగా ఊడదియ్యకుండా మూడు నాలుగు చుట్లు వదులు చేసి, వాటి తలమీద రబ్బరు సుత్తితో కొడితే లోపల పట్టుకొన్న కడ్డీ వదులుతుంది. బోల్టు ముందే తీసేసి కొడితే కడ్డీ మరలు చితికిపోతాయి. కింద గిన్నె పెట్టి కాళ్లు లాగు.

ఆ గిన్నెలో పడే ఆయిలును పారబోయకు, చూడు. రెండు కాళ్లలోనూ కొద్ది కొద్దిగా, నల్లగా కారితే అది మామూలే. ఒక కాలులో ఏమీ లేకపోయినా భయం లేదు, ఎండిపోయిందంతే. గాలి లేని వైపు, అంటే ఫోర్కు ఊగిసలాటను ఆయిలుతో నిదానించే డ్యాంపరు ఉన్న కాలి నుంచి ఎక్కువ ఆయిలు జారితే మాత్రం డ్యాంపరు సీలు పోయిందని అర్థం. అప్పుడు శుభ్రం చేసి మళ్లీ బిగించి, ఫోర్కును తెలిసినవాడి దగ్గరికి తీసుకెళ్లు.

పాత సీలు పీకేటప్పుడు ఇనుప స్క్రూడ్రైవరు వాడకు. కింది కాళ్లు చాలావాటికి మెగ్నీషియంతో చేసినవి, చాలా మెత్తనివి. సీలు కూర్చునే గూడు మీద ఒక్క గీత పడితే కొత్త సీలు కూడా కారుతుంది. టైరు తీసే ప్లాస్టిక్ లివరు చాలు. శుభ్రం చేయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాలు, నూలు రాలని గుడ్డ. మా కాలంలో అన్నింటికీ పెట్రోలూ కిరసనాయిలూ వాడేవాళ్లం, సీలు ఉబ్బి పాడైతే కంపెనీని తిట్టేవాళ్లం. ఆ తప్పు నువ్వు చేయకు. స్పాంజి చుట్టలను ఆయిలులో నానబెట్టి, సీలును ఒంకర లేకుండా సమంగా అదిమి, గొట్టాలను జాగ్రత్తగా లోపలికి దించాలి. ఆయిలు ఎంత పొయ్యాలన్నది నీ ఫోర్కు నమూనాను బట్టి ఉంటుంది. కొన్నింటికి రెండు కాళ్లకూ కొలత వేరు, కొన్నింటికి ఆయిలు రకం కూడా వేరు. ఫోర్కు వెనక ఉన్న నంబరు చూసి కంపెనీ పుస్తకంలో వెతికి, సిరంజితో కొలిచి పొయ్యి. ఎక్కువ పోస్తే మేలనుకోకు, లోపల గాలికి చోటు చాలక ఫోర్కు చివరి దాకా దిగదు, సీలు మీద ఒత్తిడి పడుతుంది. అడుగు బోల్టుకు కొత్త వాషరు తప్పనిసరి. ఆ బోల్టు బిగింపు చాలా స్వల్పం, కడ్డీ లోపల డొల్ల. బిగింపును కొలిచే టార్కు రెంచి ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకో. నీ చేతి బలం నాకు తెలుసు, అందుకే చెబుతున్నాను.

ఇప్పుడు గాలి సంగతి. మీ నాన్న కనుబొమ మీద ఉన్న మచ్చ నీకు తెలుసు. స్ప్రింగు ఎగిరి తగిలిందని ఇంట్లో అందరూ చెబుతారు, నువ్వూ అదే విని ఉంటావు. ఆ స్ప్రింగు తనంతట తాను ఎగరలేదు బాబూ. నేను వదిలాను.

నాకప్పుడు 26 ఏళ్లు, మీ నాన్నకు 14. బడి వదలగానే షెడ్డుకు వచ్చి నా పక్కన కూర్చునేవాడు. గుణుపురం నుంచి ఒక మాస్టారు ముందు ఫోర్కు కారుతున్నదని బండి తెచ్చి, చీకటి పడేలోగా తిరిగి వెళ్లాలని బెంచీ మీద కూర్చున్నారు. మోటారు సైకిలు ఫోర్కు పైమూత విప్పాలంటే ఇంజను కింద దుంగ పెట్టి ముందు చక్రం గాల్లో వేలాడేలా చేయాలి. అప్పుడు లోపలి స్ప్రింగు సాగి, ఒత్తిడి తగ్గుతుంది. ఆ దుంగ పది అడుగుల దూరంలో ఇంకో బండి కింద ఉంది. దాన్ని తీయాలంటే ఆ బండిని ముందు దించాలి. నాకు ఓపిక లేకపోయింది. బండి ముందు చక్రం మీదే నిలబడి ఉండగా, బరువంతా స్ప్రింగుల మీదే ఉండగా, ఎడమ మూత విప్పాను. ఆ వైపు స్ప్రింగు పాతబడి కుంగిపోయి ఉన్నందున మూత మెల్లగా ఊడి చేతిలోకి వచ్చింది. ఏమీ కాలేదు కదా అనుకున్నాను. ఆ అనుకోవడంలోనే చెడింది. కరెంటు పోతే మీ నాన్న లాంతరు పట్టుకొన్నాడు. చేతులు ఎలా కదులుతాయో దగ్గరగా చూడాలని ముందురోజు నేనే అతనికి చెప్పాను, అందుకని వంగి చూస్తున్నాడు. కుడివైపు స్ప్రింగు ఎవరో కొత్తది వేయించి ఉన్నారు. ఇంకా రెండు మరలు ఉండగానే మూత నా పానాను తన్నేసి ఎగిరింది.

లాంతరు కిందపడి ఆరిపోయింది. మీ నాన్న అరవలేదు. అన్నయ్యా, ఏమైంది అని అడిగాడు. చీకట్లో నా చేతికి తడి తగిలితే అది ఆయిలు అనుకున్నాను. రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళితే 4 కుట్లు వేశారు, ఒక్క వేలు కిందికి తగిలి ఉంటే కన్ను పోయేదని డాక్టరు చెప్పారు. ఇంటికి వచ్చాక మీ నానమ్మ నన్ను తిట్టలేదు. అన్నం వడ్డిస్తూ, వాడు నీ చేతిని చూసి నేర్చుకుంటున్నాడురా అని ఒక్క మాట అంది. మీ నాన్న మళ్లీ షెడ్డుకు రాలేదు. బాగా చదువుకొని కాగితం మిల్లులో గుమాస్తా అయ్యాడు. అదే తనకు మేలైందని అతను అంటూ ఉంటాడు, నేను మాత్రం ఒప్పుకోను. అతని చెయ్యి నాకన్నా నిదానమైనది. మంచి మిస్త్రీ అయ్యేవాడు.

నీ ఫోర్కులో ఇనుప స్ప్రింగు లేదని అంటావు. గాలే స్ప్రింగు. గాలి ఒత్తిడిని పి.ఎస్.ఐ.లలో కొలుస్తారు; నీ సైకిలు టైరులో 30 పి.ఎస్.ఐ. ఉంటే ఫోర్కులో 80 దాకా ఉంటుంది. ఆ చిన్న గొట్టంలో పిస్టను మీద అది సుమారు 40 కిలోల బరువు నెట్టినట్టు నెడుతుంది. కాబట్టి గాలి తీయడానికి వాల్వు సూదిని నొక్కినప్పుడు చప్పుడు ఆగగానే సరిపోయిందనుకోకు. ఫోర్కును కొద్దిగా నొక్కి వదిలి, మళ్లీ సూది నొక్కు. ఇలా నాలుగైదు సార్లు చెయ్యి. పంపు పెట్టి చూస్తే సున్నా చూపాలి. ఇంకొకటి ఉంది, ఇది పుస్తకంలో ఒక్క వరుసలో ఉంటుంది గానీ నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. గాలి ఫోర్కులో పిస్టనుకు పైన ఒక గది, కింద ఒక గది ఉంటాయి. పైగదిలో గాలి పూర్తిగా పోయి కిందిగదిలో గాలి చిక్కుకొనిపోతే, ఫోర్కు తనంతట తానే కిందికి పీల్చుకుపోయి, లాగినా పైకి రాదు. అలా కనిపిస్తే పంపు మీద సున్నా ఉన్నా లోపల ఒత్తిడి ఉన్నట్టే. ఆ స్థితిలో అడుగు బోల్టు విప్పినా, పిస్టను పట్టి ఉంచే రింగు తీసినా, లోపలి భాగాలు తుపాకీ గుండులా వస్తాయి. అప్పుడు ఏ పనీ చేయకు. పానా కింద పెట్టి నాకు ఫోను చెయ్యి, ఫోర్కును పట్టుకొని రైలెక్కు.

ఆ కిందిగది, పిస్టను సీళ్లు, డ్యాంపరు, గొట్టాలు జారే బుషింగులు, వీటికి డబ్బిచ్చి చేయించుకో. బుషింగు తీసి వేయడానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి, డ్యాంపరులో గాలి బుడగ లేకుండా ఆయిలు నింపడం చెయ్యి తిరిగినవాడి పని. కూలి ఇవ్వడానికి బాధపడకు. కూలి తీసుకొని బతికినవాడిని నేను, ఆ డబ్బులో ఏముందో నాకు తెలుసు. ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకూ వెనక్కూ ఊపితే గొట్టాలకూ కాళ్లకూ మధ్య లొటలొట తెలిస్తే బుషింగు అరిగినట్టు. ఆ పరీక్ష నువ్వు ఇవాళే చేసి నాన్నకు చెప్పు, సెలవుల దాకా ఆగకు.

బ్రేకు గురించి మళ్లీ చెబుతున్నందుకు విసుక్కోకు. ఫోర్కు ఆయిలు చుక్క డిస్కు మీద పడితే బ్రేకు ప్యాడు పీల్చుకుంటుంది, తుడిస్తే పోదు. నువ్వు పొట్టంగి దాటి సుంకి ఘాటు దిగి సాలూరు దాకా వెళతావని విన్నాను. ఆ వంపుల్లో ముందు బ్రేకు పట్టకపోతే ఏమవుతుందో రాయడం నాకు చేతకాదు. ఆయిలు పని పూర్తయ్యాక చేతులు సబ్బుతో కడుక్కొని, బట్టలు మార్చుకొని, అప్పుడు డిస్కును ముట్టు.

బిగించాక గాలిని ఒక్కసారిగా నింపకు. కొంత పెట్టి, ఫోర్కును పదిసార్లు నొక్కి, కింద పైగదుల గాలి సమమయ్యాక మిగతాది పెట్టు. ఒక రాత్రి అలాగే వదిలెయ్యి. పొద్దున అడుగు బోల్టుల దగ్గర తెల్ల కాగితం అద్ది చూడు. మరక లేకపోతే వీధిలో నాలుగు చుట్లు తొక్కు. 1,672 మీటర్ల దేవమాలి ఎక్కడికీ పోదు, మరుసటి ఆదివారానికీ అక్కడే ఉంటుంది.

సెప్టెంబరులో విశ్వకర్మ పూజకు నా పాత పనిముట్లన్నీ కడిగి పసుపు కుంకుమ పెట్టాను, ఎవరికివ్వాలో తెలియక మళ్లీ పెట్టెలో పెట్టేశాను. శుక్రవారం మీ నాన్న కొరాపుట్ రైలుకు వస్తున్నాడు. రబ్బరు సుత్తీ, ఎన్నో ఏళ్లు నా చేతిలో ఉన్న 10 మిల్లీమీటర్ల పానా, పక్కల మూత ఉన్న పని కళ్లజోడూ అతని సంచిలో పెట్టాను. కళ్లజోడు కొత్తది, నీ కోసమే కొన్నాను. నువ్వు విప్పేటప్పుడు మీ నాన్న గదిలోనే ఉంటానన్నాడు. అతన్ని దగ్గరగా వంగి చూడనివ్వకు. మంచం మీద కూర్చోమను. వాల్వు సూది నొక్కే ముందు కళ్లజోడు పెట్టుకొని ఒక ఫోటో తీయించి నాకు పంపు. అది వచ్చే దాకా నేను ఫోను చేతిలోనే పెట్టుకొని ఉంటాను.

మజ్జిగౌరమ్మ నిన్ను చల్లగా చూడాలి.

నీ పెదనాన్న