చాంబర్‌కు చందా కట్టి ఏం లాభం?

(ఒక వర్తక వాణిజ్య మండలికి, అంటే వ్యాపారుల సంఘమైన చాంబర్ ఆఫ్ కామర్స్‌కు, చాలా ఏళ్లు కార్యదర్శిగా చేసి రిటైరైన మా శీర్షిక నిర్వాహకురాలి జవాబులు)

ప్రశ్న: అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్ నాది. ఏడుగురం పనిచేస్తాం. చాంబర్ ఆఫ్ కామర్స్ వాళ్లు సభ్యత్వం తీసుకోమని రెండుసార్లు వచ్చారు. మా అన్నయ్యేమో ‘సన్మానాలకీ ఫొటోలకీ తప్ప ఎందుకూ పనికిరాదు’ అంటున్నాడు. చేరమంటారా?

జవాబు: మీ అన్నయ్యగారి మాట పూర్తిగా కొట్టిపారేయలేను. నా హయాంలో సమస్యల మీద అధికారులకు రాసిన వినతిపత్రాల కంటే కొత్తగా వచ్చిన అధికారులకు రాసిన అభినందన లేఖలే ఎక్కువ. టైపు చేసింది నేనే కాబట్టి లెక్క నాకు తెలుసు.

అయితే ఒక సంగతి చెబుతాను. ఒకసారి బజారు వీధిలో పొద్దున ఎనిమిది దాటితే లారీలు రాకూడదని ఉత్తర్వు వచ్చింది. దుకాణదారులు ఒక్కొక్కరే వెళ్లి మొరపెట్టుకున్నారు. ‘మీ ఒక్కరికేనా ఇబ్బంది?’ అని ఒక్కొక్కరినీ తిప్పిపంపారు. చివరికి మా దగ్గరకొచ్చారు. మేం వెంటనే ఉత్తరం రాయలేదు. షాపుకో నోటుపుస్తకం ఇచ్చి, లారీ ఎన్నింటికి వచ్చింది, సరుకు దించడానికి ఎంతసేపు పట్టింది అన్నది రెండు వారాలు రాయించాం. సగం మంది మూడో రోజుకే మానేశారు, వాళ్ల వెంటపడటం ఇంకో కథ. మొత్తానికి తేలిందేమిటంటే, లారీల్లో చాలావరకు పది గంటలకల్లా వెళ్లిపోతున్నాయి. అసలు రద్దీ ఆ తర్వాతే. ఉత్తర్వు రద్దు చేయమని అడగలేదు, పదికి మార్చమన్నాం. మార్చారు. ఆ వీధిలో మా సభ్యులు సగం మంది కూడా లేరు. కానీ మేలు అందరికీ జరిగింది, పది దాటాక నడిచివెళ్లేవాళ్లకు కూడా.

చాంబర్ మీకు ఆర్డర్లు తెచ్చిపెట్టదు. తెస్తామని ఎవరైనా అంటే రశీదు పుస్తకం తెరవకముందే పంపించేయండి. ఒక్కరు అడిగితే సొంత గోడులా వినిపించేది, పదిమంది లెక్కలతో కలిసి అడిగితే ఊరి సమస్య అవుతుంది. మీరు చందా కట్టేది అందుకు.

రెండో ఉపయోగం తగాదాల దగ్గర. సరుకు బాగాలేదని ఒకరు, బాగానే పంపామని ఇంకొకరు. కోర్టుకెళ్తే ఏళ్లు పడుతుంది, పైగా ఇద్దరి మధ్యా మళ్లీ వ్యాపారం ఉండదు. అదే రంగంలో ఉన్న మూడో సభ్యుణ్ణి కూర్చోబెట్టి సరుకు చూపిస్తే, చాలాసార్లు అక్కడే రాజీ కుదిరేది. సరుకు తెలిసినవాడి ముందు బుకాయించడం కష్టం మరి!

చేరేముందు ఆఫీసుకెళ్లి రెండు విషయాలు అడగండి. గత ఏడాది ఇచ్చిన వినతిపత్రాలు, వాటికొచ్చిన జవాబులు చూపించమనండి. కార్యవర్గంలో మీ అంతటి చిన్న యూనిట్ల వాళ్లు ఎంతమందో కనుక్కోండి. నలుగురు పెద్దవాళ్లే కుర్చీలు మార్చుకుంటున్నారని తెలిస్తే ఈ ఏడాదికి ఆగండి. చేరితే మాత్రం ఏదో ఒక సబ్‌కమిటీలో పేరు ఇవ్వండి. చందా కట్టి ఇంట్లో కూర్చునే సభ్యులకు మీ అన్నయ్యగారు చెప్పిందే నిజమవుతుంది.

ప్రశ్న: విదేశానికి మొదటిసారి సరుకు పంపుతున్నాను. చాంబర్ ముద్ర కావాలని కొనుగోలుదారు అడుగుతున్నాడు. చాంబర్ ప్రభుత్వ శాఖా?

జవాబు: ఆయన అడుగుతున్నది బహుశా సర్టిఫికేట్ ఆఫ్ ఆరిజిన్. సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పే పత్రం. అవతలి దేశపు కస్టమ్స్ వాళ్లు సుంకం వేయడానికి ఇది చూస్తారు. ఇన్‌వాయిస్, తయారీ వివరాలు పరిశీలించి, ప్రభుత్వం అధికారమిచ్చిన చాంబర్ దీన్ని ఇస్తుంది. దేశాల మధ్య ఒప్పందం వల్ల వచ్చే సుంకం రాయితీ కావాలంటే మాత్రం వేరే నమూనా ఉంటుంది. దాన్ని సాధారణంగా అందుకోసం ప్రభుత్వం విడిగా అధికారమిచ్చిన సంస్థలు ఇస్తాయి. ఏది కావాలో కొనుగోలుదారునే రాతపూర్వకంగా అడగండి. తప్పు పత్రం వెళ్తే సరుకు రేవులోనే పడి ఉంటుంది.

ప్రభుత్వ శాఖా అంటే, దేశాన్నిబట్టి. ఫ్రాన్స్‌లోని మార్సెయ్ వర్తకులు 1599లో పెట్టుకున్నదాన్ని మొదటి చాంబర్‌గా చెబుతారు. ఫ్రాన్స్, జర్మనీల్లో ఇవి చట్టం ద్వారా ఏర్పాటైన సంస్థలు. జర్మనీలో వ్యాపార సంస్థలు సాధారణంగా సభ్యులుగా ఉండి తీరాలి, అప్రెంటిస్‌లకు పరీక్షలు పెట్టేదీ చాంబర్లే. బ్రిటన్, అమెరికా, మన దేశాల్లో ఇష్టమున్నవాళ్లు చేరే సంఘాలే.

ప్రశ్న: నాకు వ్యాపారం లేదు, ఉద్యోగం వెతుక్కుంటున్నాను. నాలాంటివాళ్లకు చాంబర్‌తో ఏం పని?

జవాబు: చాలాచోట్ల సభ్యుల జాబితా అందరికీ అందుబాటులో ఉంటుంది, రంగాలవారీగా. ప్రకటన ఇవ్వకుండానే మనిషి కోసం చూసే చిన్న యూనిట్లు అందులోనే ఉంటాయి. అడిగి తీసుకోండి. మీ పనికి దగ్గరగా ఉన్న పదింటికి నేరుగా వెళ్లి కలవండి. మొదటి ప్రశ్నలోని అట్టపెట్టెల ఆయన లాంటివాళ్లు పేపర్లో ప్రకటనలు వేయరు.